ఈ కత్తెర అయినంక

పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చెబుతూ ఒక మాట అన్నది. స్నానం చేయించేటప్పుడు ఎవరో కుడిచెయ్యి పక్కకు జరపబోతే, వాడకట్టు ఆడవాళ్ళలో ఒకామె "మెల్లగ, గా సెయ్యి నొస్తది" అన్నదట. ఎవరూ నవ్వలేదట. నలుగురూ కలిసి ఆ చేతిని మెల్లగానే ఎత్తి, మెల్లగానే దించారట.

ప్రాణం పోయాక కూడా ఆ చెయ్యి నొస్తుందేమోనని ఊరికి అనుమానం. ఒకప్పుడు ఆ నొప్పి సంగతి నరపురుగుకు కూడా తెలియకూడదని ఆమె ఎన్ని తిప్పలు పడిందో నాకు తెలుసు. ఆఖరికి ఆపరేషన్ చేయించుకుంది. చెయ్యి నొసటి దాకా వచ్చింది, బొట్టు పెట్టుకునేంత. ఆపైకి రాలేదు. కానీ ఆ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆమెకు పట్టిన ఏళ్ళున్నాయే, నాకు ఆమె అంటే ఆ ఏళ్ళే.

తొంభైల్లో నేను లాల్‌గడి మలక్‌పేట్ బడిలో టీచరుగా చేరి, వాళ్ళ ఇంటి ముందుగదిలో అద్దెకు దిగాను. అప్పట్లో శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎటు పోయినా ద్రాక్ష తోటలే. కడీలనే రాతి స్తంభాల మీద తీగలు లాగి, వాటి మీద పందిరి పాకించేవాళ్ళు. ఆ పందిరి కింద ఏ పని చేయాలన్నా చేతులు తలకు పైనే ఉండాలి. కొమ్మలు కత్తిరించినా, తీగెలు కట్టినా, మందునీళ్ళ మగ్గు పైకెత్తి గుత్తుల్ని ఒక్కొక్కటే ముంచినా అంతే. కొమ్మల కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి, దసరా దాటాక ఒకసారి. దాన్ని వాళ్ళు కత్తెర అనేవాళ్ళు. "కత్తెర పడ్డది" అంటే వాడకట్టులో ఆడవాళ్ళందరికీ పని దొరికినట్టు.

ఆ ఆడవాళ్ళకు ఈమె మేస్త్రి. పొట్టి మనిషి. పందిరి అందుకోవడానికి మునివేళ్ళ మీద నిలబడేది. తోటలో మొదటి సాలు ఆమెది. ఏ కొమ్మను ఎక్కడ తుంచాలో ముందు ఆమె తుంచి చూపిస్తే, పక్క సాళ్ళలో వాళ్ళు అదే చూసి చేసుకుంటూ వచ్చేవాళ్ళు. ఆమె నడిస్తే నడవడం, ఆమె ఆగితే ఆగడం. తోట ఆసామి పటేలు ఎప్పుడూ ఆడవాళ్ళను విడివిడిగా పిలిచేవాడు కాదు. "రేపు మీ మేస్త్రమ్మను రమ్మను" అంటే చాలు, మందంతా వచ్చినట్టే.

తోటలో లేనప్పుడు కూడా ఆమె చేతులు పైనే ఉండేవి. గుమ్మంలో నిలబడి మాట్లాడితే ఒక చెయ్యి పైచట్రం మీద. బస్సెక్కితే సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడేది. నా గదిలోకి వస్తే గోడకున్న క్యాలెండర్ కాగితాలు పైకెత్తి దించుతూ కబుర్లు చెప్పేది. "ఆ కాగితాలు చింపకు పెద్దమ్మా" అని నేను విసుక్కుంటే, "పండుగ ఎప్పుడొస్తదో సూస్తున్న తియ్" అనేది. చదువు రాదు. బొమ్మలు చూసి ఏది ఏ పండుగో చెప్పేది, సగం తప్పే.

ఒకరోజు పొద్దున దువ్వెన పట్టుకుని నా గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టింది.

"టీచరమ్మా, కొప్పు ముడుసుడు వస్తదా నీకు?"

"మీ కోడలుండగా నేనెందుకు?"

"అది తోటల నా ఎనుక సాల్లనే ఉంటది. దానికి తెలిస్తే ఊరికి తెల్సినట్టే."

అప్పుడు చూపించింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి తల మీద పెట్టుకుంది. వదలగానే అది జారి ఒళ్ళో పడింది. "లే బిడ్డా, పటేలొస్తుండు" అంది దాన్ని చూసి. పని ఎగ్గొట్టే పిల్లను అదిలించినట్టే అదిలించేది చేతిని. నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నొప్పిదేముంది, అది ఎట్ల జెప్తే అట్ల ఇంటది. సెయ్యే ఇంటలేదు" అంది.

ఆ రోజు నుంచి బడికి పోయేముందు ఆమెకు కొప్పు ముడవడం నా పనైంది. శామీర్‌పేటలో సూది వేసే డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చేది. ఆ సూదికి కొన్నాళ్ళు హాయిగా ఉండేది. హాయిగా ఉన్నన్నాళ్ళూ ఇంకా ఎక్కువ పని చేసేది. తర్వాత ఎప్పటి మాదిరే. కట్టు కట్టే ముసలాయన ఇచ్చిన నూనె వాసన నా గదంతా పట్టేసింది. నాకు ఓపిక తక్కువ. చివరికి బలవంతాన సికింద్రాబాదులో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాను.

అక్కడి డాక్టరు కుర్రవాడే. చెయ్యి లేపమంటే ఆమె భుజం చెవి దాకా పోయింది గాని చెయ్యి కదల్లేదు. స్కానింగు ఫిల్ము వెలుగుకు పెట్టి చూసి, ఎముకను పట్టి ఉంచే నరంలాంటి పట్టీ చిరిగిందన్నాడు. తన జేబురుమాలు అంచు పట్టుకుని చూపించాడు. చిరుగు చిన్నగా ఉన్నప్పుడు కుట్టేస్తే పడుతుంది, ఆలస్యమైతే పట్టీ లోపలికి ముడుచుకుపోతుంది, అప్పుడు లాగినా అందదు అన్నాడు. తొందర పెట్టలేదు. బలవంతం లేదు, మీరే ఆలోచించుకోండి అన్నాడు.

"చేయించుకుంటే ఎన్ని రోజులకు తోటకు పోవచ్చు సారూ?"

"బరువులు, పైకెత్తే పనులు ఆరు నెలల దాకా వద్దమ్మా."

ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. తిరుగు బస్సులో శామీర్‌పేట చెరువు దాకా ఆ వేళ్ళే మడుస్తూ విప్పుతూ వచ్చింది. తర్వాత, "ఆర్నెల్లంటే ఒక కత్తెర పోతది. నేను ఇంట్ల కూసుంటె పటేలు ఊకుంటడా? ఇంకొకదాన్ని ముందట వెడ్తడు. ఎన్కకు వొయిన మేస్త్రిని మళ్ళ ముందటికి ఎవడు దీస్కొస్తడు?" అంది.

"చెయ్యే పోతే మేస్త్రివి ఎట్లా ఉంటావు?"

"ఈ కత్తెర అయినంక సూద్దాం టీచరమ్మా."

ఈ కత్తెర అయినంక. ఆ తర్వాత ఎన్ని కత్తెరలు అయ్యాయో! ప్రతిసారీ అదే మాట, అంతే నమ్మకంగా.

మధ్యలో ఊరికే కూర్చోలేదు. భుజానికి కోత పెట్టించుకున్న మనిషి ఎక్కడ ఉన్నాడని తెలిసినా బయల్దేరేది, నన్నూ లాక్కుపోయేది. ఎవరింటికి పోయినా మంచినీళ్ళు కూడా తాగకముందే "ఏదీ, లేపు" అనేది. వాళ్ళు చెయ్యి లేపుతుంటే పక్కనే నిలబడి తన చెయ్యీ లేపబోయేది. మేడ్చల్‌లో ఒక ట్రాక్టరు డ్రైవరు చెయ్యి నిటారుగా పైకెత్తి గుండ్రంగా తిప్పి చూపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె బయటకొచ్చి పెదవి విరిచింది.

"వానిది పడి ఇరిగిన సెయ్యి. నాది పని జేసి జేసి అరిగిన సెయ్యి. రెండొక్కటి ఎట్లయితయి?"

శామీర్‌పేటలో పండ్లమ్మే ఖాసింబీ చెయ్యి భుజం ఎత్తు కూడా రాలేదు. "ఏం చెప్పాలె అమ్మా, చెయ్యి ఇంతే. మగర్ నిద్ర మస్తుగ వస్తాంది. ఆపరేషన్ కాకముందు ఇట్ల పక్క తిరిగితే జాన్ పోతుండె" అని ఆమె నిజాయితీగా చెప్పింది. ఈమె ఆ చేతిని అటూ ఇటూ తడిమి చూసి, "అచ్చం నా సెయ్యే" అంది. నిద్ర మాట వినిపించుకోనే లేదు. మంచి చెయ్యి కనిపిస్తే తనలాంటిది కాదనేది, చెడ్డ చెయ్యి కనిపిస్తే తనదే అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. "నువ్వు అడగడానికి పోతున్నావా, వద్దనిపించుకోవడానికి పోతున్నావా?" అని రోడ్డు మీదే అరిచాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "గిట్ల అరుస్తే పిల్లలు సదువు ఎట్ల నేరుస్తరు నీ దగ్గర?" అంది.

మనుషులను అడగడం అయ్యాక దేవతను అడగాలనుకుంది. ఊరి బయట చిన్న మైసమ్మ గుడి ముందు ఒక గుండ్రటి రాయి ఉండేది. మనసులో పని తలుచుకుని రెండు చేతులతో ఆ గుండు లేపాలి. తేలిగ్గా లేస్తే అమ్మ సరేనన్నట్టు, కదలకపోతే వద్దన్నట్టు. పెళ్ళిళ్ళు, బోర్లు, భూముల కొనుగోళ్ళు అన్నీ ఆ రాయిని అడిగే చేసేవాళ్ళు. ఈమె తలస్నానం చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆపరేషన్ చేయించుకోవాలా అని తలుచుకుని గుండు కింద చేతులు పెట్టింది. ఎడమ వైపు కాస్త లేచింది. కుడి వైపు కదల్లేదు. గుండు దొర్లి ఆమె కాలి దగ్గరే ఆగింది.

"అమ్మ వద్దన్నది" అని లేచి నిలబడింది.

"పెద్దమ్మా, నీ కుడిచెయ్యి పనిచేయదు గదా, రాయి ఎట్లా లేస్తుంది? బాగుంటే లేపేదానివే, అప్పుడు ఆపరేషనే అక్కర్లేదు."

"అమ్మకు తెల్వదా నా సెయ్యి సంగతి? లేపాలనుకుంటే లేపదా?"

ఇంకెవరి చేతనైనా లేపిద్దామంటే, "నా బాధ నేనడగాలె. ఇంకొకలు అడిగితే వాల్ల జవాబు వస్తది" అంది. నేనే వంగి ఆ రాయి ఎత్తాను. సులువుగానే లేచింది. ఆమె నావైపు జాలిగా చూసి, "నీ సెయ్యి మంచిది గద బిడ్డా" అంది. ఆ ఏడాది అట్లా పోయింది.

ఒక ఆదివారం బడి లేదు, తోట దాకా నడిచి వెళ్ళాను. దసరా దాటాక పడిన కత్తెర. ఆడవాళ్ళు వెనక సాళ్ళలో పాటలు పాడుకుంటూ వస్తున్నారు. ఆమె అందరికంటే ముందు, ఆకుల చాటున ఒక్కతే ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. పాత చీర పేలిక ఉచ్చులా చేసి పందిరి తీగకు వేలాడదీసింది. ఆ ఉచ్చులో కుడి మణికట్టు పెట్టుకుని ఉంది. చెయ్యి తనంతట తాను పైన నిలబడదు కాబట్టి కట్టి నిలబెట్టింది. వేళ్ళతో కత్తెర ఆడిస్తోంది. అక్కడ కొమ్మలు అయిపోగానే ఎడమచేత్తో ఉచ్చును తీగ వెంబడి ముందుకు జరుపుతోంది. జరిపినప్పుడల్లా పళ్ళు బిగబట్టి మూలగడం నాకు వినిపిస్తోంది.

"పెద్దమ్మా" అన్నాను.

"సూడకు" అంది. తల తిప్పలేదు. "దూరంపొయి కూసో. సూడకు."

నేను కదల్లేదు. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఆ ఉచ్చు తెంపి పారేసి, ఆమెను రెక్క పట్టుకుని బస్సెక్కించాలనిపించింది. వెనక పాట దగ్గరికి వస్తోంది. ఆమె గబగబా ఉచ్చు విప్పి కొంగులో దోపుకుని, కింద రాలిన కొమ్మలు ఏరుతున్నట్టు వంగింది. కోడలు వచ్చి "అత్తా, గీడ రెండు కండ్లు ఇడువాల్నా, మూడా?" అని కొమ్మ మీద ఉంచాల్సిన మొగ్గల లెక్క అడిగింది. "మూడిడువు. కనవడ్తలేదా?" అని కసిరింది. గొంతులో ఏమాత్రం తేడా లేదు. కోడలు పక్క సాలులోకి పోయాక నావైపు తిరిగింది. ముఖం మీద చెమట కాలువలు కట్టింది.

"భయమైతాంది టీచరమ్మా. కోస్తే ఏమైతదో, కొయ్యకుంటే ఏమైతదో. పండుకుంటే అదే, లేస్తే అదే. ఎవ్వరన్న వచ్చి నన్ను గుంజుకపొయి కోపిస్తే బాగుండు అనిపిస్తది. నువ్వు గుంజుతే మళ్ళ నీ మీదనే కోపమొస్తది."

ఆమె అంత విడమరిచి చెప్పింది ఆ ఒక్కసారే. చేయించుకో అని ఎన్నిసార్లు చెప్పానో, అదే ఇంకోసారి చెప్పాను. తలూపింది. "ఈ కత్తెర అయినంక" అంది.

తర్వాత ఊరి సంగతే మారింది. బోర్లు ఎండిపోయాయి. లేఅవుట్ల వాళ్ళు కార్లలో వచ్చి గట్ల మీద నిలబడి అటూ ఇటూ చేతులు చూపించుకోవడం మొదలైంది. పక్కతోట ముందు పోయింది. ఆ తర్వాత పటేలు ఆమెను పిలిపించి చెప్పాడు. మర్యాదస్తుడే, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడట. "ఏం జేస్తం మేస్త్రమ్మా, నీళ్ళు ఎల్లుతలేవు. పోరగాండ్లు ప్లాట్లు జేద్దామంటున్నరు." కడీలను ట్రాక్టరుకు కట్టి పీకారు. పందిరి మొత్తం చాపలా కింద పడింది. ద్రాక్ష మొద్దులు ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపొమ్మన్నాడు పటేలు. ఆడవాళ్ళు మోపులు కట్టుకుని పోయారు. ఆమె కూడా ఎడమ భుజం మీద ఒక మోపు మోసుకొచ్చింది.

ఆ సాయంత్రం నా గదికి వచ్చింది. గుమ్మం పైచట్రానికి చెయ్యి పోలేదు. లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది.

"నన్ను దవాఖానకు తోల్కపో టీచరమ్మా. సెయ్యి కోపిచ్చుకుంట."

ఇన్నేళ్ళు చేయించుకో, చేయించుకో అని గొంతు చించుకున్న నేనే నోరు తెరిచి, "ఇప్పుడెందుకు పెద్దమ్మా?" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

ఆమె నొచ్చుకోలేదు. కాసేపు తన కుడి అరచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "తోట ఉన్నప్పుడు సెయ్యి ఇయ్యబుద్ధి గాలె. తోటెట్లనో పొయింది. సెయ్యి గుడ పోతే నేనేమైత? గండిమైసమ్మ దిక్కో యాడనో ఒక్క తోటన్న ఉండకపోదు. సెయ్యుంటె పిలుస్తరు. లేకుంటె ఎవ్వలు పిలుస్తరు?" అంది. గండిమైసమ్మ చౌరస్తా దిక్కు తోటలు ఎప్పుడో ప్లాట్లయిపోయాయని నాకు తెలుసు. బస్సులో పోతూ వస్తూ ఆమె కూడా చూసే ఉంటుంది. నేను ఆ మాట ఎత్తలేదు.

మళ్ళీ అదే దవాఖాన, అదే డాక్టరు. ఇప్పుడు అతని చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. కొత్త ఫిల్మును వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. పట్టీ బాగా లోపలికి ముడుచుకుపోయింది, కండ కూడా కరిగిపోయింది, కుట్టినా పట్టు ఉంటుందని చెప్పలేను, నొప్పి కొంత తగ్గొచ్చు, చెయ్యి కొంత లేవొచ్చు, అంతే అన్నాడు. ఆమె వింటోందని తెలిసి కూడా నాతోనే మాట్లాడాడు. "చేతులు పైకెత్తి చేసే పనిలో ఉన్నవాళ్ళకైతే ఎంతోకొంత ప్రయత్నం చేస్తామండీ. ఇంటిపట్టున ఉండేవాళ్ళకు ఈ వయసులో కోత ఎందుకు? వ్యాయామం చేసుకుంటూ గడిపేయొచ్చు."

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడు ఏం పని చేస్తున్నావమ్మా?"

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది.

"తోట పని సారూ. ద్రాక్ష తోట. నేను మేస్త్రిని. దసరా ఎల్లంగనే కత్తెర పడ్తది. నేను ముందట నడువకుంటే ఆడోల్లు ఒక్కలు అడుగెయ్యరు. పటేలు రోజు అడుగుతుండు, నీ సెయ్యి ఎప్పుడు బాగైతది మేస్త్రమ్మా అని."

తడబడకుండా చెప్పింది. డాక్టరు నన్ను చూశాడు.

"నిజంగా ఈ చేత్తో పనికి వెళ్తోందా?"

ఆ పొద్దున బస్సుకు బయల్దేరే ముందు ఆమె నాకు టీ కాచి ఇచ్చింది. పొయ్యిలో ద్రాక్ష మొద్దులు మండుతున్నాయి. గోడవారన ఇంకా బోలెడు పేర్చి ఉన్నాయి. ఎండాకాలం దాకా కట్టెలకు ఫికర్ లేదని తనే చెప్పింది.

ఆమె నావైపు చూడలేదు. కుడి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, డాక్టరు బల్ల మీది ఫిల్మునే చూస్తోంది.

"వెళ్తోంది సార్" అన్నాను. "ఆమె లేకపోతే తోట ఆగిపోతుంది."